ఇంజను ఆపి

బంగారుపాళ్యం దాటినాక
తారురోడ్డు మమ్మల్ని వొదిలేసింది.
రెండు బండ్లు, నలుగురం.
హ్యాండిలుకు యేలాడే సంచీలో
సంగటి ముద్దలు, ఊరుబిండి,
వొద్దన్నా చెంగల్రాయులు వాళ్ళామె కట్టిచ్చిన మజ్జిగ.

దస్తగిరి పదకొండేళ్ళు సౌదీలో టూరిస్టు బస్సు తోలినాడు.
ఎడారి నడిమధ్యన
కొండల్ని మలిచిన సమాధులంట,
యాడెయాడోళ్ళో వొచ్చి
మెడలెత్తి చూసేవాళ్ళంట.
'నువ్వేం చూసినావురా' అంటే
'అద్దంలో చూసినా' అంటాడు.
ఏసీ ఆగకూడదు,
అందుకని ఇంజను ఆగకూడదు,
ఇంజను ఆడతా వుంటే డ్రైవరు దిగకూడదు.
పదకొండేళ్ళూ ఆ గడప
కుడి ఎడమై, అరచేతంతై
సైడు అద్దంలో వొణకతా నిలబడింది.

తిరిగొచ్చి మూడు నెల్లు. ఇస్కూలు వ్యాను తోలతా వుండాడు.
'మన పక్కన కూడా వుండాయంట కదరా పాతకాలంవి'
అని వాడడిగే దాకా
ఇక్కడే పుట్టిన మా ముగ్గురికీ
పోవాలని తోచలేదు.

మే నెల ఎండ. బండమీద బండ, నడుమ ఇసక.
తోతాపురి కాయలు రేటు లేక చెట్టుకిందే కుళ్ళతా వుండాయి.
'ఇదీ ఎడారేలే' అన్నాడు మునిరత్నం,
మూడు బోర్లేసి మూడిట్లోనూ దుమ్ము చూసినోడు.
దస్తగిరి వొప్పుకోలేదు.
'ఎడారికి నీళ్ళ మీద ఆశ వుండదురా.
అది నిమ్మళంగా వుంటుంది.'

మేకల అవ్వ దోవ చూపించింది.
నాలుగు బండలు నిలబెట్టి
మీద వొకటి కప్పిన ఇండ్లు,
తూర్పు బండకు గుండ్రటి కన్నం.
పాండవులు వొక రాత్రి పండుకోని పోయినారంట.
'ఇంత గదిలో భీముడు యెట్ల పట్టినాడవ్వా?'
'ముడుచుకోని పండుకున్నాడు.
కష్టకాలంలో యెవురైనా అంతే కదా నాయనా.'

నేను చిత్తూరు దగ్గిర పాలీషు ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్ళు.
బండ కనబడితే నా కన్ను వూరకుండదు:
ఆరడుగులు, నాలుగున్నర,
ఇరవై ఏడు చదరపడుగులు...
సిగ్గేసి ఆపేసినా.
కన్నం అంచు చుట్టూ వేలు తిప్పినా,
యాడా గరుకు లేదు.
బ్లేడు లేదు, కరెంటు లేదు,
పేరు కూడా లేదు
నా సీనియరుకి.

పక్కింటిని గునపాలతో పెళ్ళగించి వుండారు నిధి కోసం.
గుంతలో కోసిన నిమ్మకాయలు.
యింకా వాడలేదు అవి.

ఎప్పుడు విడిచినాడో చెప్పులు,
చూసేసరికి దస్తగిరి ఆ కన్నంలో దూరినాడు.
కాళ్ళు కూడా లోపలికి పోయినాయి.
'రేయ్' అని పిలిచినాం. పలకలేదు.
చెంగల్రాయులు నవ్వబోయి మానుకున్నాడు.
శానాసేపటికి
బండ లోపల్నించి గొంతొచ్చింది:
'చల్లగా వుందిరా. ఏసీ లేకనే.'
మళ్ళీ కొంచేపుకి:
'నా పక్కమంచం పీలేరతను, ఖాజాపీర్.
ముప్పై ఎనిమిది దినాలు పెట్టినారు వాణ్ణి
మంచుగదిలో, కాగితాలు రాలేదని.'
ఇదంతా యెప్పుడూ చెప్పినోడు కాదు.
మేం నలుగురం యెండలో నిలబడినాం,
అవ్వతో కలిపి.
మేకలు మాత్రం ఆగలేదు.

కప్పుబండ నీడలో సంగటి తిన్నాం.
అవ్వకు వొక ముద్ద. ఊరుబిండిలో ఉప్పు తక్కువని
ఆమె నిజమే చెప్పింది.

పోయేటప్పుడు దస్తగిరే తోలినాడు, నేను వెనక.
కిక్కు కొట్టకముందు
సైడు అద్దాన్ని లోపలికి తిప్పి మూసినాడు.
మలుపుకాడ
మెడ తిప్పి,
పూర్తిగా తిప్పి, చూసినాడు.
'ముందు చూడరా సామీ, గుంత!' అని అరిచినా.
వాడు బండి ఆపినాడు.
ఇంజను కూడా ఆపినాడు.