ఆఫర్ల కాగితం

రువీలో మా కిటికీకి ఎదురుగా
గడ్డిపరక మొలవని గోధుమరంగు కొండ.
అట్టముక్క మీది కొండేమో పచ్చగా, నెత్తిన మంచు.
"కొండ" అను నాన్నా, అంటాను.
జోయెల్ నా మొహంలోకి చూస్తాడు
తప్పు నేనే చెప్పినట్టు.

మూడేళ్లు నిండాయి వాడికి.
ఫ్రిజ్ తలుపు తట్టి నీళ్లడుగుతాడు,
కొంగు పట్టి లాక్కెళ్లి చెప్పులు చూపిస్తాడు.
మాట మాత్రం పెదవి గడప దాటదు.
"ఇంట్లో తెలుగు, లిఫ్టులో హిందీ, టీవీలో అరబీ,
పిల్లాడు ఏ తాడు పట్టుకుంటాడు పాపం"
అంటుంది పై ఫ్లాట్ మలయాళీ ఆవిడ,
నాలుగు భాషలూ గడగడా మాట్లాడుతూనే.

రాజమండ్రి నుంచి తెప్పించిన బొమ్మల అట్టలు:
బావి, ఎడ్లబండి, రోలు, కిరసనాయిలు బుడ్డి.
రోజూ పేకముక్కల్లా పరిచాను.
ఇదేంటి? ఇదేంటి? మరి ఇదేంటి?
పోలీసు ఠాణాలో కూడా ఇన్ని అడగరేమో.

క్లినిక్‌లో సూడాన్ నర్సమ్మ
నా ఆరాటమంతా విని మూడు ముక్కల్లో తేల్చేసింది:
చూపించు.
ఊరుకో.
పదిదాకా లెక్కపెట్టు.

గురువారం తలుపు సందులోంచి
సూపర్‌మార్కెట్ ఆఫర్ల కాగితం జారిపడింది.
వాడు బోర్లా పడుకుని ఒక్కో బొమ్మ మీదా
వేలు ఆనించి పోతున్నాడు, బస్సు స్టాపుల్లో ఆగినట్టు.
సబ్బుపొడి, దానిమ్మ, ప్రెషర్ కుక్కర్,
కానాగంతల దగ్గర వేలు ఆగింది.

ఒకటి, రెండు.
ఊరుకోవడం ఇంత బరువని ఎవరూ చెప్పలేదు నాకు.
నాలుగు దగ్గరే నాలుక దురద,
"చేప, చేప" అని పళ్ల వెనక ఎగిరెగిరి పడుతోంది.
ఆరు. కింద వీధిలో గ్యాస్ బండి గంట.
ఏడు.

"ముల్లు."

చేప అనలేదు వాడు.
ముల్లు.
అన్నం పెట్టిన ప్రతిసారీ
ముద్ద ముద్దకీ నేను అనే మాట,
వేళ్లతో వెతికి వెతికి తీసి
కంచం అంచున పెట్టే మాట.
ఏ అట్టముక్క మీదా అచ్చుకాని మాట.

కత్తెర తెచ్చి ఆ బొమ్మ కత్తిరించాను.
వెనకవైపు సగం తెగిన ప్రెషర్ కుక్కర్.
ఏడ్చానో నవ్వానో, కుక్కర్ కాస్త తడిసింది.

రాత్రి పదింటికి దావీదు వచ్చాడు,
బూట్లలో సోహార్ రోడ్డు దుమ్ముతో.
వాడు నిద్రపోలేదు. ఎదురెళ్లి
ఆ కాగితం ముక్క నాన్న కళ్ల ముందు పట్టాడు.
"చేప" అన్నాడు దావీదు, చొక్కా విప్పుతూ.
వాడు తల అడ్డంగా ఊపాడు.
"కానాగంత?"
మళ్లీ ఊపాడు.

నేను నోరు తెరవబోయి ఆగాను.
జోయెల్ కాగితం దించలేదు,
పెదవులు బిగించి, కళ్లు పెద్దవి చేసి
నాన్న వంకే చూస్తూ
ఓపిగ్గా
ఊరుకున్నాడు.