పసుపు క్లిప్పు

మార్చి నెల. సరస్సు ఇంకా గట్టిగానే ఉంది,
డ్రిల్లు దించి చూశారట, రెండు జానల మందం.
మంచు మీద నలుగురు ముసలాళ్లు, ఒక పిల్ల,
ఫ్లాస్కులో కాఫీ, స్లెడ్జి మీద విమానాలు,
చక్రాలకు బదులు స్కీలు తొడుక్కుని.

చేతి తొడుగు తీసి
కోటు జేబులో క్లిప్పు తడుముకున్నాను.
బట్టలారేసే చెక్క క్లిప్పు.
పసుపు రంగు సగం రాలిపోయింది.
కళ్లు బోర్డు కోసం వెతికాయి.

అప్పట్లో బోర్డుండేది.
ఒక్కో రంగుకి ఒక్కో క్లిప్పు.
పసుపు క్లిప్పు ఎవరి చొక్కాకుంటే
ఆ కాసేపు ఆకాశంలో పసుపు వాళ్లది.
క్లిప్పు తీసుకోకుండా రేడియో మీట వేశావా,
ఎవడిదో విమానం రెక్కలు పట్టుకుని విరిచినట్టే.

పదిహేడేళ్లప్పుడు ఆ పని చేశాను.
క్లబ్బులో ఒక్కతే ఆడపిల్లని.
కొత్త బ్యాటరీ ఎలా ఉందో చూద్దామని
కారు వెనక నిలబడి, ఒక్క క్షణం, అంతే.
తలెత్తేసరికి తైస్తో విమానం
విమానం కాదు, రాయి.
పైన్ చెట్ల మధ్య బాల్సా చెక్క చప్పుడు
పెద్దగా ఏమీ లేదు,
ఎండు రొట్టె విరిగినంత.
అందరూ అటు పరిగెత్తారు. నేనూ పరిగెత్తాను.
సాయంత్రం బోర్డు మీంచి పసుపు క్లిప్పు లాగేసి
జేబులో వేసుకున్నాను. మళ్లీ వెళ్లలేదు.

కోట్కా రేవులో క్రేను ఎక్కాను. ముప్పై నాలుగేళ్లు.
రెండు చేతుల్లో రెండు లీవర్లు, కాళ్ల కింద గాజు,
గాజు కింద మనుషుల హెల్మెట్లు.
ఎవరి నెత్తినా ఏదీ పడెయ్యలేదు.
రిటైరయిన రోజు కేకు మీద ఆ మాటే రాయించారు.
ఆ మాట మీదుగానే కత్తి దించాను.

"బోర్డా?" ఆవా నవ్వింది. పద్నాలుగేళ్లుంటాయి.
ఇప్పుడు ప్రతి రేడియో తన విమానాన్ని తనే పోల్చుకుంటుందట,
వందమంది ఒకేసారి ఎగరేసినా
ఒకరి మాట ఒకరి దానికి వినబడదట.
ఇంజను కూడా లేదు, మోటారు.
కాలిన ఆముదం వాసన లేదు,
ఆ వేసవంతా నా జడలో, నా దిండులో ఉన్న వాసన.

తైస్తో మడతకుర్చీలో ఉన్నాడు, మోకాళ్ల మీద కంబళి.
ఎగరెయ్యడం మానేశాడు. చేతులు వణుకుతాయి.
చెప్పాను. ఫ్లాస్కు మూత వైపు చూస్తూ చెప్పాను.
నలభై నాలుగేళ్లు తిరగేసి మరగేసి దాచిన సంగతి
తీరా చెబితే నాలుగు మాటలు.
అతను చాలాసేపు మంచు చూశాడు.
"ఆ రోజు నేను బ్యాటరీ ఛార్జి పెట్టలేదు రైలీ,
నా తప్పే అనుకున్నాను. మా నాన్నకీ అదే చెప్పాను."
నిజమో,
నా మొహం చూసి అప్పటికప్పుడు పుట్టించాడో.
అడగలేదు.

ఆవా తన రేడియో నా చేతిలో పెట్టింది.
మంచు మీద రెండు గీతలు గీసుకుంటూ లేచింది విమానం.
వెళ్లినంతసేపూ బాగానే ఉంది.
వెళ్లడం క్రేను నేర్పింది.
తిరిగి నా వైపు రావడమే...
ఎడమకి తిప్పితే కుడికి ఒరిగింది,
సరిచేస్తే ఇంకా ఒరిగింది,
ముప్పై నాలుగేళ్ల చేతులు నాకు అబద్ధం చెబుతున్నాయి.
వెనక నుంచి తైస్తో గొంతు:
"వాలిన రెక్క ఎటుంటే అటే తొయ్యి స్టిక్కు.
పడిపోయేదాని కింద చెయ్యి పెట్టినట్టు."

పెట్టాను.
రెక్క లేచింది.

దిగడం మాత్రం దిగడంలా లేదు.
ముక్కు మంచులో, తోక గాల్లో, ప్రొపెల్లర్ రెండు ముక్కలు.
"మూడు యూరోలు," అంది ఆవా, పద్దు రాసుకుంటున్నట్టు.
విరిగిన ముక్క జేబులో వేస్తుంటే క్లిప్పు తగిలింది.
తీసి, తైస్తో కంబళి జారిపోకుండా
అంచు మడిచి పెట్టాను.

అతను పసుపు చూశాడు.
బొటనవేలితో ఒకసారి నొక్కి వదిలాడు, స్ప్రింగు ఇంకా ఉందా అని.
ఎక్కడిదని అడగలేదు.
"ఇంకో ప్రొపెల్లర్ బిగించమను," అన్నాడు,
"గాలి మారేలోపు."