పదిహేడో కుర్చీ

స్కెగ్‌నెస్‌లో ఫిబ్రవరి.
సముద్రం ఎంత వెనక్కి పోయిందో కనపడదు,
ఇసక మీద మంచు పొగ.
ఉప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు,
గొలుసుల సందుల్లో, కుర్చీల అడుగున,
నా పెదవి చివర.

ఈస్టర్ దాకా జనం రారు.
గాల్లో గిర్రున తిరిగే ఇరవై నాలుగు కుర్చీలు
టార్పాలిన్ కింద ముణగదీసుకుని ఉన్నాయి.
కుర్చీకి నాలుగు బోల్టులు, బోల్టుకో లాక్ నట్టు.
తొంభై ఆరు.

హాస్లమ్ ముసలాయన టార్చి పడతాడు.
నేను పుల్లకి కట్టిన అద్దంతో
కుర్చీ వీపు వెనక్కి చూస్తాను.
నట్టు మీంచి బోల్టు మీదుగా పలక దాకా
పాపిట తీసినట్టు పసుపు రంగు గీత.
పాపిట వంకరపోయిందంటే
తల తిరిగిందన్నమాట.

గీత తిన్నగా ఉన్నా విప్పాల్సిందే, ఏడాదికోసారి.
నట్టు లోపల నైలాన్ వలయం,
చంటిపిల్ల ఉంగరమంత.
బోల్టు మొదటిసారి దాన్ని ఒరుసుకుంటూ వస్తుంది,
తన దారి తానే కోసుకుంటూ.
ఆ ఒరిపిడే పట్టు.
రెండోసారికి దారి తెలిసిపోతుంది.
దారి తెలిసినవాడు వెళ్లిపోవడం ఎంతసేపు?

మర మరలిపోకుండా ఆపడం,
అంతే దీని ఉద్యోగం.

పదిహేడో కుర్చీ, మూడో నట్టు.
గీత చెక్కుచెదరలేదు.
స్పానర్‌తో పావు చుట్టు తిప్పాను.
ఆ తర్వాత స్పానర్ అక్కర్లేకపోయింది,
వేళ్లకే జారి జారి
అరచేతిలోకి వచ్చి పడింది.
లోపలి వలయం నున్నగా, అరిగిపోయిన సబ్బులా.
ఒకసారి విప్పిన నట్టునే
మళ్లీ ఎవరో ఎక్కించారు.
ఎక్కించి, పైన కొత్త గీత గీశారు.

రిజిస్టరు తెరిచాను.
నిరుడు మార్చి. కుర్చీ పదిహేడు. కొత్తవి నాలుగు.
పక్కన తెలుగులో సంతకం.
ఈ ఊళ్లో అది ఇంకెవరిదీ కావడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం వాన. తెల్లారితే ప్రారంభం.
డబ్బాలో మూడే మిగిలాయి.
నాలుగోది రేపు, అనుకున్నాను.
గీత మాత్రం ఎంత తిన్నగా గీశానో!

వేసవంతా ఆ కుర్చీలోంచి
ఎవరెవరి కాళ్లు గాల్లో వేలాడాయో,
చెప్పులు జారిపోతుంటే ఎవరు కేరింతలు కొట్టారో.
మిగతా మూడూ మోశాయి,
నాకు చెప్పకుండా.

హాస్లమ్ ఏమీ అనలేదు.
తీసిన ప్రతి నట్టునీ ఆయన వైస్‌లో పెట్టి నలిపేస్తాడు,
మళ్లీ ఎవరి చేతికైనా దొరికి
కొత్తదానిలా కనపడుతుందేమోనని.
ఈసారి వైస్ పిడి నా వైపు తిప్పాడు.
నేనే తిప్పాను.
నట్టు మూలిగింది, కోలగా అయింది,
ఇక ఏ బోల్టుకీ పనికిరాదు.

కొత్తది గునుస్తూ ఎక్కింది.
మణికట్టు నొప్పెట్టేదాకా మొరాయించింది.
టార్క్ రెంచి టక్కుమంది.
గీత గియ్యడానికి కుంచె తీసి
కాసేపు ఊరికే పట్టుకున్నాను.

తర్వాత ఆయన చదవగలిగేలా ఇంగ్లీషులో రాశాను:
పదిహేడు, మూడోది, వాడిన నట్టు. నిరుడు బిగించింది నేనే.
కింద తెలుగులో సంతకం.

ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు.
ఫ్లాస్కు మూత తిప్పి బిగించాడు,
ఇంకో చుట్టు తిప్పి చూశాడు.

ఇంకా ఇరవై తొమ్మిది, అన్నాడు.
అద్దం ఇటు పట్టు.