యార్డులో ఆగిన బళ్లు

మా నాన్న లారీలు కోస్తాడు.
ఆటోనగర్‌లో నాలుగో రోడ్డు చివర రేకుల షెడ్డు,
గ్యాస్ కట్టర్ మంట ముందు ఏసోబు నల్లకళ్లద్దాలు.
అక్కడ కొత్తగా ఏదీ పుట్టదు. అయినా
అక్కణ్ణించి వెళ్లిన గేరుబాక్సు
నూజివీడు మామిడికాయల్ని ఇంకా మోస్తూనే ఉంది.
అక్కణ్ణించి వెళ్లిన కమాను పట్టీ
ఉయ్యూరు చెరుకుతోటలో ఎవరి చేతిలోనో కత్తి.

నేను కణాలు చూస్తాను.
పొద్దున్నే గుంటూరు పాసింజరు,
కృష్ణ మీద బ్రిడ్జి దాటేదాకా నిలబడే ప్రయాణం,
కాలేజీ మూడో అంతస్తులో
కరెంటు పోతే ఊపిరి బిగబట్టుకునే ఇంక్యుబేటరు.

ఏం చూస్తావమ్మా అన్నిసార్లు, అంటాడు.
కణం కూడా పాతబండి కోసుకుంటుంది నాన్నా.
చిల్లుపడ్డ ముక్కని, మడత తప్పిన ప్రొటీన్‌ని
సంచీలో చుట్టి యాసిడ్ తొట్టికి తోలి
కరిగించి మళ్లీ వాడుకుంటుంది.
ఆకలేస్తే ఎక్కువ కోస్తుంది.
కడుపు నిండితే దానికీ బద్ధకమే.
ఆటోఫేజీ అంటారు.
ఆటో మనదేగా, అని నవ్వాడు.

ఆకలి లేకుండా ఆకలి పుట్టించడం నా పని.
పళ్లెం ముందున్నా లేదని
కణంతో అబద్ధమాడే అణువుని వెతకడం.
పుట్టగొడుగుల్లోని తీపి ఒకటి చూశాను, ట్రెహలోజ్.
గోధుమ మొలకలో దొరికే స్పెర్మిడిన్,
ఆ పేరు పలికితే జూనియర్లు కిసుక్కుమంటారు.
ఎక్కడో దీవిమట్టిలో సూక్ష్మజీవి వండుకున్న రాపామైసిన్,
చిటికెడు పొడికి నా రెండు నెలల స్టైపెండ్.
ఇక దుగ్గిరాల పసుపు దంచి, వడగట్టి,
ఒక కొస తెంచి ఇంకో కొస అతికించి
నేనే చేసుకున్నది. దానికి పేరు లేదు. ఏడో నంబరు.

రంజాన్ నెల. నాలుగింటికి నాన్న నోరెండిపోయి
ఇప్పుడు నాలో కూడా కోస్తా ఉంటారంటావా, అని అడిగాడు.
ఏమో నాన్నా, మనిషిలో నేను కొలవలేదు.

ఇరవై ఒకటో రోజా సాయంత్రం
ఏడో నంబరు వెలిగింది.
చీకటి కణం నిండా ఆకుపచ్చ చుక్కలు,
చుక్కకో సంచీ.
లెక్కపెట్టి, నమ్మక, మళ్లీ లెక్కపెట్టి
ఫోటో తీసి నాన్నకి పంపాను.

ఖర్జూరం చేతిలో ఉండగానే ఫోన్ చేశాడు.
బళ్లు బాగానే చేరినయ్యమ్మా.
బయటికి ఎన్ని ఎల్లినయ్యి?

నేనేమీ అనలేదు.

కట్టర్ చెడిన వారం మన యార్డూ ఇట్టాగే కళకళలాడుద్ది.
గేటు దాకా లారీలు.
చూసినోళ్లు, మౌలాలికి పని జోరుగా ఉందనుకుంటారు.

మర్నాడు మలేరియా మాత్ర, పాత క్లోరోక్విన్,
కావాలనే కలిపాను.
అది యాసిడ్ తొట్టిని చల్లార్చేస్తుంది.
నడిచే దారిని మూస్తే బళ్లు ఇంకా పేరుకోవాలి.
రాపామైసిన్ గిన్నెలో పేరుకున్నాయి.
నా గిన్నెలో ఒక్క చుక్క పెరగలేదు.
నా ఏడో నంబరు దారి తెరవలేదు.
అదే అడ్డంగా నిలబడిన బండి.

రికార్డులో 'ప్రేరేపిస్తుంది' అన్న మాట మీద అడ్డగీత గీసి
'ఆపుతుంది' అని రాశాను.
నాలుగక్షరాలే. పేజీ తిప్పడానికి చాలాసేపు పట్టింది.
ఆపేవి కూడా కావాలి కొన్ని జబ్బులకి, అన్నారు అన్నపూర్ణ మేడమ్,
ఆకలి మీద పరిశోధనకి ఆ పేరుతో గైడ్.

షెడ్డులో నాన్నకో డాల్డా డబ్బా ఉంది,
ఏ బండివో తెలియని నట్లూ బోల్టులూ అందులో వేస్తాడు.
ఏడాదికోసారి ఎవడో వచ్చి
ఎక్కడా దొరకలేదు మేస్త్రీ, అంటాడు.
నాన్న డబ్బా నేలమీద కుమ్మరిస్తాడు.

ఏడో నంబరు సీసా
ఫ్రీజర్ కింది అరలో ఉంది.