అరచేతి మీట

స్పేస్ బార్‌కి ఆగడం ఇచ్చాను.
దాని మీద తగువు లేదు, అది బొటనవేలి సొత్తు.
బాణాలకి ముందూ వెనకా.
మిగిలింది ‘మళ్ళీ వినిపించు’.
జెడ్‌కి ఇద్దామన్నారు పై ఆఫీసు వాళ్ళు,
చిటికెనవేలి కిందే ఉంటుందిగా అని.
మారిబోర్‌లో మా కీబోర్డు మీద
వై, జెడ్ ఇళ్ళు మార్చుకున్న సంగతి
వాళ్ళకెవరు చెప్పాలి?

మే నెల వానలో కొండెక్కి
ఓజ్బెయ్ ముందు ల్యాప్‌టాప్ తెరిచాను.
తేనెపెట్టెలో మైకు దాచి
రాత్రంతా రికార్డు చేస్తాడాయన,
ఇంకా గదిలోంచి రాని రాణి ఈగ కూత కోసం.
నా పట్టిక చదవలేదు. కళ్ళజోడు ఎక్కడో పెట్టాడు.
తేనెపట్టు బంక పట్టిన వేలితో నొక్కితే
మీట వేలితో పాటే పైకి లేచింది.

"కూత మూడు సెకన్లు.
నువ్వేమో అయిదు వెనక్కి తీసుకెళ్తున్నావు.
ప్రతిసారీ నా దగ్గు నేనే వినాలా?"

చూడకుండానే ఎంటర్ మీద అరచేయి మోపాడు.
టూ... అంది పెట్టె.
మళ్ళీ మోపాడు.
టూ...
పొయ్యి మీద కాఫీ పొంగినా ఇద్దరం లేవలేదు.

తిరుగు బస్సులో అయిదు కొట్టేసి మూడు వేశాను.
జెడ్ కొట్టేశాను.
ఎంటర్ ఎదురుగా, వేలి పేరు రాయాల్సిన గడిలో,
అరచేయి అని రాశాను.

ఎస్ మీట ఇంకా అంటుకుంటూనే ఉంది.
తుడవలేదు.