నూట ఇరవై ఎనిమిది బైట్లు

చర్లపల్లి ఫేజ్ టూలో రేకుల షెడ్డు.
కింద లేత్ మెషీను, పైన మేము.
ఆటో మీటర్లు చేస్తాం.
చింతగింజంత చిప్పు. అందులో
చెరిపి రాసుకునే చోటు నూట ఇరవై ఎనిమిది బైట్లు.
ఈ మాట చెప్పడానికి వాడిన అక్షరాలే
అందులో పట్టవు.

చేరిన కొత్తలో
కిరాయి పట్టికని మామూలుగా రాసేశాను.
నలభై ఎనిమిది అంకెలు, ఒక్కోటీ రెండు బైట్లు.
కంపైలర్ ఏమీ అనలేదు.
బెంచీ మీద మీటరు బుద్ధిగా తిరిగింది.
ఐలయ్య ఆటోకి కట్టి పంపితే
తార్నాక బ్రిడ్జి మీద
నూట పన్నెండు రూపాయలు కాస్తా
కళ్ళ ముందే సున్నా.
ఆ ప్యాసింజరు తనని అన్న మాటలన్నీ
ఐలయ్య మా మెట్లెక్కి వచ్చి
ఒక్కటీ పొల్లుపోకుండా మాకు అప్పజెప్పాడు.

సాబిర్ సార్ కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
"బేటీ, కుషాయిగూడల నీ రూము ఎంతుంటది?"
"పదికి పది సార్."
"అండ్ల బీరువా పెట్టి, మంచమేసి,
ఆర్నెల్ల పేపర్లు గుట్ట పోస్తే
నువ్వెక్కడ నిలబడ్తవ్?"

నిలబడలేకపోయింది స్టాకు.
తిరిగొచ్చే దారి గుర్తులు పెట్టుకోవడానికి చోటు చాలక
చివరి గోడ దాటి
లేని గదిలో, ఉట్టి గాలి మీద
ఇంటి అడ్రసు రాసుకుంది.
సరిగ్గా అప్పుడే చక్రం నుంచి పల్సు వచ్చి తలుపు కొట్టింది.
వెళ్ళినవాళ్ళకి వెనక్కి రావడానికి ఇల్లు లేదు.

పట్టిక పేరు ముందు ఒక్క మాట చేర్చాను: కోడ్.
తొంభై ఆరు బైట్లు మూటాముల్లే సర్దుకుని
ఫ్లాష్‌లోకి వెళ్ళిపోయాయి.
రాతి మీద రాతలా ఉండిపోయేవి
రోజూ తిరిగే గదిలో ఎందుకు?

ఇంకో వారం, చక్రం తిరుగుతున్నా
అంకె కదలదు. అప్పుడు చెప్పాడు వొలటైల్ అనే మాట.
"నువ్వు చూడనప్పుడు మారేది గది.
ఒకసారి చూసిన, యాదికున్నది అనుకోకు.
అడిగినప్పుడల్లా పోయి చూసి రా."
సార్ వాళ్ళావిడకి షుగరు.
రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి అంకె అడిగేవాడు.
పొద్దుటి అంకెని మధ్యాహ్నం నమ్మేవాడు కాదు.

డబ్బు కలిసొస్తుందని ఓనరు
ఒక్కసారే రాయగలిగే చిప్పులు కొన్నాడు.
రెండు వేల మీటర్లు ఊరి మీదికి పోయాయి.
మరుసటేడు సర్కారు కిరాయి పెంచింది.
నేను గర్వంగా రాతి మీద చెక్కిన పట్టిక
రాయిలాగే కూర్చుంది.

నిన్న క్రిస్టళ్ళ కోసం గుజరాతీ గల్లీకి పోతూ
మెట్టుగూడలో ఆటో ఎక్కాను. మా మీటరే.
ఎర్ర అంకెల్లో పాత ధర.
పక్కన ప్లాస్టిక్ కవర్లో అట్ట ముక్క:
ఇక్కడ ఇంతైతే అక్కడ అంత అని
నీలం పెన్నుతో, కొట్టివేతలతో,
వానకి అంచు ఉబ్బి.
ఏ కీవర్డూ అక్కర్లేని మెమరీ.

కోఠిలో దిగాక ఆ అబ్బాయి
మీటరు చూడలేదు, అట్టా చూడలేదు.
"ఒక నూటయాభై ఇయ్యి అక్కా."

ఆ మూడో లెక్క ఎక్కడ దాచుకున్నాడో
అడుగుదామనుకున్నాను.
వెనక బస్సు హారన్ కొడుతోంది.
నూటనలభైకి ఒప్పుకున్నాడు.