రెండు కార్డులు

అనంతపురం, సుభాష్ రోడ్డు హోటల్ మేడ మీద
డ్రిప్ పైపుల డీలర్ల మీటింగు.
మెడల్లో ఎర్ర తాళ్ళు, తాళ్ళకు మా పేర్లు.
కంపెనీ పెద్దలు హైదరాబాదు నుంచి వచ్చినారు,
వాళ్ళ బూట్లకు ఇంకా మా దుమ్ము అంటలేదు.

మైకు నా చేతికిచ్చినారు.
నవ్విస్తానని నాకు పేరు.
పదేళ్ళుగా నా బేరాలన్నీ
నవ్వు ముందు, రేటు తర్వాత.

"కొత్త డీలర్లు లేచి పేర్లు చెప్పండప్పా" అంటి.
ఉరవకొండ పక్క పల్లె మనిషి,
ఇస్త్రీ మడత ఇంకా విడని చొక్కా,
గొంతు సవరించుకోని చెప్పినాడు:
"ఎర్రిస్వామి సార్."

నా నాలిక నన్ను అడగలేదు.
"పేరులోనే ఒప్పుకున్నాడు సార్,
ఇంక మనం టెస్టు పెట్టే పని లేదు!"

హాలంతా గొల్లుమనింది.
హైదరాబాదు సారు బల్ల చరిచినాడు,
స్పూన్లు ఎగిరిపడినాయి.
ఎర్రిస్వామి కూడా నవ్వినాడు.
బస్సులో కాలు తొక్కినోడే "చూసుకోవద్దా" అంటే
తొక్కించుకున్నోడు నవ్వే నవ్వు.

ఆ పేరు యాడిదో నాకు తెలీదా?
బిడ్డ నిలవని ఇంట్లో నుంచి పోయి
తాత గుడి మెట్ల మీద పడుకోని
ఒక తల్లి అడుక్కోని తెచ్చుకున్న పేరది.
మా వైపు వీధికి ఇద్దరుంటారు,
ఒకరు మా చిన్నాయన.
హైదరాబాదు సారుకు తెలీదు, సరే.
ప్లేటులో పెట్టి అందించింది నేనే కదా.

భోజనాల కాడ కార్డులు చేతులు మారుతుండినాయి.
ఎర్రిస్వామి కార్డుల కట్ట పట్టుకోని
ఒక్కో గుంపు అంచున నిలబడినాడు.
"ఓ, టెస్టు లేకుండా పాసైన స్వామి!" అన్నారెవరో.
అప్పటి నుంచి అతను
కార్డు తిప్పి, పేరు కిందికి పెట్టి ఇస్తుండినాడు.
నాకూ ఇచ్చినాడు.
తెల్ల పక్క పైకి.

రాత్రి అంగట్లో షట్టరు సగం దించుకోని
జేబులు దులిపితే ముప్పై కార్డులు.
నాదీ ఒకటి మిగిలింది:
"పి. ఓబుల్, ప్రొప్రైటరు."

పెన్నోబులేసు అని పెట్టింది మా అవ్వ.
పెన్న ఒడ్డు దేవుడు,
పిలిస్తే వీధి చివరిదాకా పోయే పేరు.
బెంగుళూరులో నా మొదటి మీటింగులో
"పెన్నా? రీఫిల్ ఉందా?" అన్నాడొకడు.
నేనూ నవ్వినా.
ఊరు రాంగానే ప్రెస్సుకు పోయి
పేరు కత్తిరించి కొట్టించుకున్నా.
ఆ ముక్క యాడ పడిందో చూడలేదు.
నాలిక కిందే ఉండినట్టుంది ఇన్నేండ్లూ.

నాలుగు దినాలు ఫోను చేతిలో పట్టుకోని తిరిగినా.
తప్పయిందని చెప్పాలంటే
ముందుగా ఒక జోకు గుర్తొస్తుంది.
అదీ నా జబ్బు.

ఐదో దినం పొద్దున్నే చేస్తి.
"ఎవురు?"
"పెన్నోబులేసు."
"ఏ పెన్నోబులేసన్నా?"
ఓబుల్ అని గొంతుదాకా వచ్చింది, మింగినా.
"ఆ పొద్దు మైకు పట్టుకోనుండినోన్ని."

అవతల మోటారు ఆడుతుండాది.
మాట లేదు.
నీళ్ళు పడే సద్దు,
యాడో ఒక జాయింటు కారుతున్నట్టు
సన్నగా ఇంకో సద్దు.
అతను ఫోను పెట్టెయ్యలేదు.
నేను నవ్వించలేదు.